ముగ్గురికి బిగించిన స్ప్రింగు

నా బండి గురించి ఎవరైనా సలహా చెబితే నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటివాణ్ణి ఆ రోజు మా ఆవిడ మాటకి నోరు మూసుకున్నాను.

ఆవిడకి ఏడో నెల. అంతకుముందు ఒకసారి కడుపు నిలవలేదు, అందుకని ఇంటిల్లిపాదికీ ఒకటే బెంగ. నిడదవోలు ఆసుపత్రిలో చూపించాలి. కారెక్కితే వాంతులు, ఆటో ఎక్కితే ఒళ్ళు హూనం. “మీ బండే నయమండీ, నెమ్మదిగా పోదాం,” అంది. పొద్దున్నే వెనక షాకబ్జర్ల కిందుండే రింగులు తిప్పి స్ప్రింగుల్ని పూర్తిగా వదులు చేశాను. మెత్తగా ఉంటే కుదుపు తగలదు కదా! నా తెలివికి నేనే మురిసిపోయాను.

కాలవ గట్టు మీద మొదటి గోతికే వెనక ఠంగుమంది. రెండో గోతికి ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకుంది. కాస్త దూరం పోయాక, “ఏవండీ, ఆపండి. ఇందాకటి నుంచి లోపల కదలట్లేదు,” అంది.

దింపి నీళ్ళు తాగించాను. కాసేపు చూశాం, కదలిక లేదు. ఆటో కోసం చూస్తే ఆ దారిన పురుగు కూడా లేదు.

“బండి ఇంత కుంగిపోతోందేంటి? ఏం చేశారు?” అంది. చెప్పాను.

“అయ్యో రామా! మంచం నులక వదులైతే నడుం నేలకి తగలదా? బిగించండి.”

“బిగిస్తే ఇంకా కొడుతుందేమోనే...”

“మనం ముగ్గురమండీ ఇప్పుడు. బిగించండి.”

బండి పెట్టెలోంచి పానా తీసి రింగులకి వేస్తే, అది జారిపోతూనే ఉంది. ఎలాగో బిగించి, మళ్ళీ ఎక్కించుకున్నాను. అదే రోడ్డు, అవే గోతులు. చక్రం దిగుతోంది, లేస్తోంది, మేం మాత్రం పడవలో కూచున్నట్టు సాగిపోతున్నాం. ఓరి దేవుడా, చుట్టలు చుట్టిన ఇనప తీగ ముగ్గురి బరువునీ ఇంత భద్రంగా మోస్తుందా! అంత భయంలోనూ ఆశ్చర్యం ఆగలేదు. ఆవిడ రెండువైపులా కాళ్ళేసుకుని నా వీపుకి ఆనుకుని కూచుంది.

ఊళ్ళోకి రాగానే రైల్వే గేటు పడింది. “ఇప్పుడే వెయ్యాలా దీన్ని!” అని తిట్టుకుంటూ ఇంజను ఆపాను. అప్పుడు నా నడుం మీద ఏదో చిన్నగా తట్టింది.

“నువ్వా?”

“నేను కాదండీ,” అంది.

మళ్ళీ తన్నింది, ఈసారి గట్టిగా. ఇన్నాళ్ళూ నేను కడుపు మీద చెయ్యి పెడితే చాలు, కదలకుండా ఉండిపోయేది. కళ్ళలో నీళ్ళు ఆగలేదు. రైలు వెళ్ళిపోయింది, గేటు లేచింది, వెనక హారన్ల మోత.

“పోనివ్వండి, అందరూ తిడుతున్నారు,” అంది ఆవిడ, ఏడుస్తూ నవ్వుతూ.

“ఉండవే. ఇంకొక్కసారి తన్ననీ.”