బహదూర్ తోక మీది నంబరు

కొత్త పని వచ్చిందంటే హజరత్తయ్యకు ఇప్పుడు సంతోషం కలగదు. బోగోలు తీరంలో నలభై ఏళ్ళుగా పడవలకు రంగులు వేసి, పేర్లు రాసి మోకాళ్ళు అరగదీసుకున్న మనిషి. నిచ్చెన చూస్తేనే నీరసం. అయినా కుర్రాళ్ళ కమిటీ తరఫున పెంచలప్రసాద్ వచ్చి, రోడ్డు మలుపులో దిమ్మె మీద పెట్టబోయే పాత యుద్ధ విమానానికి నువ్వే రంగు వేయాలని పట్టుబడితే కాదనలేకపోయాడు. కాదనడానికీ ఓపిక కావాలి కదా.

విమానం ముక్కలుగా వచ్చింది. ఊరంతా ముక్కు దగ్గర నిలబడి సెల్ఫీలు దిగింది. వేరే లారీలో పట్టా కప్పుకొని వచ్చిన తోకను పలకరించిన దిక్కు లేదు. హజరత్తయ్యే దాన్ని నేల మీద పడుకోబెట్టి, పాత రంగు గీకి, సొట్టలకు లప్పం పట్టించి, ప్రైమర్ వేశాడు.

ఆ తీరంలో రంగులవాళ్ళకు ఒక ఆనవాయితీ ఉంది. ఇక నీళ్ళలోకి దిగదనుకున్న పడవను పగలగొట్టే ముందు దాని పేరు గీకేస్తారు. గీకేవాడు మాత్రం ఆ పేరు చదవకూడదు. చదివితే పిలిచినట్టట, పోయేదాన్ని పిలవకూడదట. ఇందులో తనకు నమ్మకం ఎంతో హజరత్తయ్యకే తెలియదు. కానీ ఎన్నడూ తప్పలేదు. ఈ విమానం ఇక ఎగరదని చెప్పారు కాబట్టి, తోక మీద రాసి ఉన్నదాన్ని కూడా మొహం పక్కకు తిప్పుకొని గీకేశాడు. దానికి మర్యాద చేశాననే అనుకున్నాడు పాపం.

తోక బిగించి, విమానాన్ని దిమ్మె ఎక్కించారు. మిగతా ఒళ్ళంతా కూడా హజరత్తయ్య అలాగే గీకి, పూడ్చి వేసిన బూడిదరంగు ఆరింది. "తోక బోసిగా ఉండాది, ఏదో ఒకటి రాయి పెద్దాయనా" అని పురమాయించి పెంచలప్రసాద్ కావలి వెళ్ళిపోయాడు. ఏం రాయాలో తోచక హజరత్తయ్య కుంచె కడుగుతూ కూర్చున్నాడు.

అప్పుడు బస్సు దిగి ఒక మనిషి నెమ్మదిగా నడిచి వచ్చాడు. చేతిలో కర్ర, చొక్కా జేబులో మాత్రల అట్ట. పేరు తిమోతి అనీ, చిల్లకూరు నుంచి వస్తున్నాననీ చెప్పాడు.

"నేను ఎయిర్‌ఫోర్సులో మెకానిక్‌నన్నా. ఇట్టాంటిదే ఒకటి చానా ఏళ్ళు నా చేతి కింద ఉండె. ఈడ పెట్టినారని పేపర్లో చూసి వచ్చినా."

"దీని పేరేంది సార్?"

"మిగ్ ఇరవై ఏడు. మనోళ్ళు బహదూర్ అని పెట్టుకున్నారు. జాగ్వార్‌కు షంషేర్, మిరాజ్‌కు వజ్ర. కొన్ని మీదికొచ్చేవాణ్ణి ఆకాశంలోనే అడ్డుకునేవి. ఇది కిందికి దిగి, నేల మీద ఉన్నదాన్ని కొట్టి వచ్చేది. ఒక్కడే కూర్చుంటాడు దీంట్లో. ఆ ఒక్కడు తిరిగొచ్చేదాకా మాకు అన్నం లోపలికి దిగేది కాదు."

"అయితే అన్నీ బహదూర్లేనా?"

"అన్నిటికీ అదే, ఇంటిపేరు మాదిరి. ఏది ఎవరిదో తెలిసేది తోక మీద నంబరుతోనే. నా దానికి చివర్లో ఏడు." తిమోతి తలెత్తి బోసి తోకను చూశాడు. "దీని నంబరెంతన్నా?"

హజరత్తయ్య చేతిలోని కుంచె కింద పెట్టాడు. ఏడే సార్ అని ఒక్క మాట అంటే చాలు, ఈ మనిషి ప్రయాణం పండుతుంది. అనేద్దామని నోరు తెరిచాడు కూడా. కానీ అలసిపోయిన ఆ కళ్ళు తననే నమ్ముకొని చూస్తుంటే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"నేనే గీకేసినా సార్. పోయేదాని పేరు చదవకూడదని మాకొక పట్టింపు. చూడకుండా గీకేసినా."

తిమోతి కోప్పడలేదు. కోప్పడినా బాగుండేదనిపించింది హజరత్తయ్యకు. దిమ్మె పక్కన వేసిన మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తిమోతి విమానం పొట్ట కింద అరచేత్తో తడిమాడు. "నేనేసిన అతుకొకటి ఈడ తగలాల."

"అతుకులు, సొట్టలు అన్నీ లప్పంతో పూడ్చేసినా సార్." ఈ మాట చెప్పేటప్పుడు హజరత్తయ్యకు తన చేతుల మీద తనకే రోత పుట్టింది. నున్నగా చేస్తాడని ఇన్నాళ్ళూ మెచ్చుకున్న చేతులవి. "ఎయిర్‌ఫోర్సు ఆఫీసులో అడిగితే దీని నంబరు చెప్తారు గదా?"

"చెప్తారు. అడిగితే, ఇది నాది కాదని కూడా చెప్తారేమో." తిమోతి చెయ్యి తీయలేదు. "ఇంకో ఊరికి పోయి ఎతికే ఓపిక లేదన్నా నాకు."

హజరత్తయ్య లేచాడు. మోకాళ్ళు వద్దంటున్నా నిచ్చెన తెచ్చి తోకకు ఆనించాడు, నల్లరంగు డబ్బా మూత తీశాడు. "నీ నంబరు చెప్పు సార్. అదే రాస్తా. ఈడ ఎవురూ అడగరు."

తిమోతి పెదవులు కదిలాయి. నంబరు నోటిదాకా వచ్చి ఆగిందని హజరత్తయ్యకు తెలుస్తూనే ఉంది. కానీ తిమోతి తల అడ్డంగా ఊపాడు.

"వొద్దన్నా. నా మాదిరోళ్ళు ఊరికొకరు ఉంటారు. రేపు ఇంకొకడొస్తాడు. నా నంబరు కనపడిందంటే, ఇది తనది కాదనుకొని వచ్చిన బస్సుకే పోతాడు. ఖాళీగా ఉండనీ. వచ్చినోడు తనదే అనుకుంటాడు."

హజరత్తయ్య డబ్బా మూత పెట్టేశాడు. పేరు రాయకుండా పని ముగించడం అతనికి ఇదే మొదటిసారి. పెంచలప్రసాద్ వచ్చి బోసి తోక చూసి గొణుగుతాడు, గొణగనీ అనుకున్నాడు.

తిమోతి ఒక పాతగుడ్డ అడిగి తీసుకొని, కష్టం మీద వంగి, చక్రం మీద చిందిన రంగు చుక్కలు తుడవడం మొదలుపెట్టాడు. తను తిరిగి ఎక్కాల్సిన బస్సు హారన్ వినిపించినా ఆపలేదు.