ఒట్టి కాటా వెలగకూడదట

2023 చలికాలం. అనకాపల్లి బెల్లం మార్కెట్లో ఒక కమీషన్ కొట్టుకి తూకాల సాఫ్ట్‌వేర్ రాసిపెట్టాను. సీజను మంచి ఊపు మీద ఉండగా అది మొరాయించడం మొదలుపెట్టింది. రోజుకి ఎన్నిసార్లు పడిపోయేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కొట్టులో నాలుగు ఎలక్ట్రానిక్ కాటాలు, ఒక్కోదానికీ ఒక చిన్న కంప్యూటర్. ఆఫీసులో ఒక పెద్దది. వీటిని కలపడానికి డిస్ట్రిబ్యూటెడ్ ఆబ్జెక్ట్స్ అనే పద్ధతి వాడాను. కాటా సంగతులన్నీ తెలిసిన ఆబ్జెక్ట్ కాటా దగ్గరి కంప్యూటర్లోనే ఉంటుంది. ఆఫీసులో దాని తరఫున ప్రాక్సీ అనే ప్రతినిధి ఉంటుంది. "బరువెంత?" అని ప్రాక్సీని అడిగితే అక్కణ్ణుంచి కనుక్కుని చెబుతుంది. ఈ రాకపోకలన్నీ చూసేది ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీ. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదువుకోవచ్చు. తేడా వస్తే నిలదీయడానికి మాత్రం ఎవరూ దొరకరు.

ఆఫీసు ప్రోగ్రాం క్రాష్ అయితే, అంటే ఉన్నట్టుండి కూలిపోతే, నాలుగు కాటాలూ ఆగిపోతాయి. వెంటనే నాకు ఫోను. కాటా వేసే రమణది ఎప్పుడూ ఒకటే పాట.

"ఏటి చేసేవు బావా?" అని నేనడిగితే,

"ఏటీ సెయ్నేదు బావా. దానంతటదే పడిపోనాది."

లైబ్రరీ చూసుకునేవాళ్ళకి రాశాను. మా దగ్గర బాగానే నడుస్తోందని జవాబిచ్చారు. ఇంట్లో ఇలాంటి కంప్యూటర్లే పెట్టి నడిపితే నాకూ నిక్షేపంగా నడిచింది. ఎవరూ ఏమీ చేయలేదంటారు, అది మాత్రం పడుతూనే ఉంటుంది. నాకు పిచ్చెక్కిపోయింది.

ఇలా కాదని ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకుని రమణ కాటా పక్కనే కూర్చున్నాను. ఆ రోజు మబ్బు కమ్ముకుంది. షెడ్డు నిండిపోవడంతో చీడికాడ నుంచి వచ్చిన సన్యాసమ్మ అనే రైతు తన బెల్లం దిమ్మల్ని బయటే పేర్చి, పైన బరకం కప్పి, తన వంతు కోసం నిలబడి ఉంది. తూకం అయితేనే సరుకు గోదాములోకి వెళ్తుంది.

"మబ్బు సూసేవా బాబూ? తడిసిందంటే నా ఏడాది కష్టం పోద్ది," అంది నాతో.

ఇంతలో ఒక రైతు సరుకు తూకం పూర్తయింది. ఆఖరి దిమ్మ దించగానే రమణ వంగి ప్లగ్గు స్విచ్ కట్టేశాడు. కాటా, దాని కంప్యూటర్ రెండూ ఆరిపోయాయి. ఆ వెంటనే ఆఫీసులోంచి గుమస్తా కేక, "మళ్ళీ పడిపోనాది!"

"ఏటి చేసేవిప్పుడు?" అని అరిచాను.

"ఏటీ సెయ్నేదు బావా."

"స్విచ్ కట్టేసేవు కదయ్యా!"

"కట్టీడం కూడా సెయ్యడమేనేటి? ఒకలి సరుకయిపోనాక ఒట్టి కాటా ఎలగకూడదు. మా అయ్య తక్కెడ పళ్ళాలు దించీసేవోడు. నాను స్విచ్చి కట్టేత్తన్నాను."

తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. ఆఫీసు ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనుల్ని థ్రెడ్లు అంటాం. ఒక థ్రెడ్ ప్రాక్సీతో మాట్లాడుతూ ఉండగానే, కాటా కంప్యూటర్ పోయిందని పసిగట్టిన ఇంకో థ్రెడ్ ఆ ప్రాక్సీని చెరిపేస్తోంది. లేనిదానితో మాట్లాడబోయి ప్రోగ్రాం కూలుతోంది. తప్పు అచ్చంగా లైబ్రరీదే. అక్కడికక్కడే వాళ్ళకి రాస్తే కాసేపటికే జవాబొచ్చింది. పని మధ్యలో మెషీన్లు ఎవరు ఆపుతారు, ఆపొద్దని చెప్పండి, అని.

చెప్పాను. రమణకి కోపమొచ్చింది.

"తాతలనాటి పద్దతి నానెందుకు మానాల? నీ లైబ్రరీనే మారమను."

"అది ఇవాళ మారదు బావా!"

"అయితే నానూ మారను."

తప్పు నాది కాదని నేను, తనది కాదని అతను. చినుకులు మొదలైనా మా గొంతులు తగ్గలేదు. సన్యాసమ్మ వచ్చి తన దిమ్మొకటి తెచ్చి కాటా మీద పెట్టింది.

"ఇదిగో, ఇంక ఒట్టిది కాదు. స్విచ్చి ఎయ్యి. మీ తగువు తరవాత తీర్సుకోండి."

రమణ స్విచ్ వేశాడు, గుమస్తా ఆఫీసు ప్రోగ్రాంని మళ్ళీ నడిపించాడు. మిగతా కాటాలవాళ్ళదీ అదే పద్ధతి కాబట్టి వాటి మీదా తలో దిమ్మ వెలిసింది. ఒకరి సరుకు దిగగానే ఆ దిమ్మ ఎక్కేది. కాటా ఖాళీగా లేదు కాబట్టి ఎవరూ ఆపలేదు, ప్రోగ్రాం పడలేదు. ఆవిడ ముందున్నవాళ్ళ తూకాలు చకచకా అయ్యాయి. కానీ ఆవిడ వంతు వచ్చేసరికి వాన పెద్దదైంది. నేల మీద పారిన నీళ్ళు బరకం కిందకి చేరి అడుగు వరస దిమ్మలన్నీ తడిసిపోయాయి.

తర్వాత నేనే, ఒక థ్రెడ్ మాట్లాడుతున్నంతసేపూ ఇంకోటి ప్రాక్సీని చెరపకుండా లైబ్రరీని సరిచేసి పంపాను. ఇంత అరుదైన కేసుకి ఇది అవసరమా అని వారాల తరబడి వాదించి, చివరికి తీసుకున్నారు. రమణ ఇప్పుడు దర్జాగా స్విచ్ కట్టేస్తున్నాడు, ఏదీ పడడం లేదు. నేను మాత్రం ఎక్కడ ఏది కూలినా ముందు పని ఎలాగోలా నడిచే దారి చూస్తాను. కారణం ఎవరన్నది తర్వాత.

అది నేర్పింది ఆ సాయంత్రమే. కొనేవాళ్ళు పక్కన పెట్టేసిన దిమ్మల దగ్గర సన్యాసమ్మ కూర్చుని ఉంది. పాకం కారి కింద గోనె నల్లబడిపోయింది.

"తప్పెవులదని తేలినాది బాబూ?" అని అడిగింది.

"ఆ లైబ్రరీ రాసినవాళ్ళదమ్మా."

"మరి ఆళ్ళొచ్చి కొంటారేటి ఈ బెల్లం?"