వాసన చూడని నోరు

రేవు ఆసుపత్రిలో చీటీలు రాసే ఆమెను మేమంతా ముక్కక్క అనేవాళ్లం. దెబ్బతో వచ్చినవాడు పేరు చెప్పేలోపే కౌంటరు మీంచి వంగి నోటి వాసన చూసేది. తాగినట్టు తేలితే చీటీ మూల ఎర్ర గీత. ఎర్ర గీతవాళ్లు బల్ల మీద కూర్చుని, అందరూ అయ్యాకే లోపలికి రావాలి. లోపల కట్లు కట్టే నర్సుని నేను. ఆ గీత సంగతి నేనెన్నడూ అడగలేదు.

ఆమె సొరుగులో ఒక నోటుపుస్తకం ఉండేది. ఓడలవాళ్ల ఇంగ్లీషు మాటలు అందులో పోగేసేది. ఎడమ పేజీలో తాగుడు మాటలు: హామర్డ్, స్మాష్డ్, వేస్టెడ్. కుడి పేజీలో దెబ్బల మాటలు: విరిగితే బస్టెడ్, చితికితే బ్యాంగ్డ్ అప్.

"చూశావటే, హామర్డంట! తాగిన వెధవలు కూడా ఎవరో సుత్తితో బాదినట్టే చెప్పుకుంటారు!" అని నవ్వేది.

ఇంట్లో తన తమ్ముడు తాగొస్తే, "ఇవాళ ఏ మాటరా?" అని అడిగేది. వాడు ఎడమ పేజీలోంచి ఒకటి చెప్పేవాడు. తర్వాత వాడు తాగుడు మానేసి నాలుగు నెలలైంది. ఆమె నమ్మలేదు. రోజూ వాడి చొక్కా జేబులు తడిమేది.

ఒక మధ్యాహ్నం వాడు తూలుతూ కౌంటరు దగ్గరికొచ్చాడు. మాట ముద్దముద్దగా ఉంది.

"ఇవాళ ఏ మాటరా? హామర్డా, స్మాష్డా?"

"పడ్డానక్కా... గిడ్డంగిలో... నిచ్చెన మీంచి..."

"ఎడమ పేజీవాళ్లంతా పడే వస్తారు. నువ్వు మారవని నాకు తెలుసు. పో, కూర్చో."

ఎర్ర గీత గీసింది. అందరి నోళ్లూ చూసే మనిషి, ఈసారి వంగనే లేదు.

గంట తర్వాత వాడు బల్ల మీదే వాలిపోయాడు. పరుగెత్తుకెళ్లి ఎత్తి పట్టుకున్నాను. నోట్లో టీ వాసన తప్ప ఏమీ లేదు. తలలోపల రక్తం గడ్డకట్టిందన్నారు డాక్టర్లు. ఆపరేషన్‌తో బతికాడు గానీ, కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. ఆమె మీద ఎంత కోపం వచ్చిందో, ఇన్నాళ్లూ ఆ గీతలు చూస్తూ కూడా ఊరుకున్న నా మీద నాకు అంతే వచ్చింది.

మూడు వారాలకు వాడికి మాట కాస్త తిరిగింది.

"అక్కా... అందరి నోరూ చూస్తావుగా. నాదెందుకు చూళ్లేదు?"

ఆమె మంచం మీదికి వంగి, వాడి నోటి దగ్గర ముక్కు పెట్టింది. కట్టు మార్చడానికి వచ్చిన నేను గుమ్మంలోనే ఆగాను.