పంపకాల్లో తెగని డొమైన్

ఆళ్లగడ్డలో ఆ అన్నదమ్ములు వేరుపడిన రోజు పంచాయితీలో నేనూ కూర్చున్నాను. వాళ్ల నాయన చెక్కిన విగ్రహాల గురించి పత్రికలో రాసిన పరిచయం నాది. నల్లరాతి దిమ్మెలు పంచారు, ఉలులు పంచారు, రాళ్లు లేపే చైన్ పుల్లీకి వంతులు వేసుకున్నారు. తెగనిది ఒక్కటే, నాయన పేరుతో కొన్న వెబ్‌సైట్ డొమైన్. ఇద్దరి ఈమెయిళ్లూ ఆ పేరు మీదే నడుస్తాయి. నాకంటే నాకని పట్టుబట్టారు. చివరికి పెద్దమనుషులు డొమైన్ ఇద్దరిదీ అన్నారు. దాన్ని తెరిచే ఓటీపీ మాత్రం నా ఫోనుకు రావాలి. దాని సెట్టింగుల్లో ఒకరు రాసుకున్నది ఇంకొకరు ముట్టుకోకూడదు. నంద్యాలలో రిటైరై కూర్చున్న నాకు ఆ విధంగా ఓ ఉద్యోగం దొరికింది.

అన్న ఆళ్లగడ్డలో శిల్పశాల ఉంచుకున్నాడు. తమ్ముడు నంద్యాలలో షోరూం పెట్టాడు. మెయిళ్లకు ఇద్దరూ వేర్వేరు కంపెనీలను పట్టుకున్నారు. ఈ మధ్య పెద్ద మెయిల్ సంస్థలు నిబంధనలు బిగించాయి. ఈ పేరుతో మెయిళ్లు పంపే హక్కు ఫలానా కంపెనీకి ఉందని డొమైన్ సెట్టింగుల్లో ఒక లైను రాసి ఉండాలి. దాన్ని ఎస్‌పీఎఫ్ అంటారు. అది లేకపోతే మెయిలు వెనక్కి కొడతారు. అన్న తనకు తెలిసినవాళ్లతో ఒక లైను రాయించుకున్నాడు. తర్వాత తమ్ముడు దాన్ని ముట్టుకోకుండా కింద తన లైను రాయించుకున్నాడు. షరతు ప్రకారమే నడిచారు.

ఒకరోజు పొద్దున్నే అన్న ఫోన్ చేశాడు. ఇద్దరూ నన్ను అన్నా అనే పిలుస్తారు. "అన్నా, నా మెయిలు తిరిగొచ్చె. వాడేదో చేసినాడు."

కర్ణాటకలో ఒక గుడి కమిటీకి అమ్మవారి విగ్రహం కావాలి. సాయంత్రంలోపు డ్రాయింగు మెయిల్లో అందాలి, అందకపోతే పని ఇంకో శిల్పికి పోతుంది. వాట్సాప్‌లోనో వేరే మెయిలు నుంచో పంపమన్నాను. నాయన పేరున్న మెయిలు తప్ప కమిటీ ఒప్పుకోదన్నాడు.

కాసేపటికే తమ్ముడూ నాకే ఫోన్ చేశాడు. "నా మెయిళ్లు గూడా పోతాలేవన్నా. ఆడ కూర్చోని నా కడుపు కొడతాండాడు."

డొమైన్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేశాను. అక్కడి అమ్మాయి చూసి, ఒక డొమైనుకు ఎస్‌పీఎఫ్ లైను ఒక్కటే ఉండాలని, రెండుంటే రెండూ చెల్లవని చెప్పింది. రెండు కంపెనీల పేర్లూ ఒకే లైన్లో కలిపి రాయాలట.

అన్నను తమ్ముడి షోరూంకు రమ్మన్నాను. దారిలో శిరివెళ్ల దాటేదాకా బస్సు ట్రాక్టర్ల వెనకే పాకిందని విసుక్కుంటూ దిగాడు. చొక్కా నిండా రాతిపొడి. తమ్ముడు కంప్యూటరు ముందు నుంచి లేవలేదు.

"వాని లైను తీసేయమను. నాది ఉంటే చాలు," అన్నాడు అన్న నన్ను చూస్తూ.

"ఆయప్పదే తీసేద్దామన్నా," అన్నాడు తమ్ముడు స్క్రీనును చూస్తూ.

రెండూ కలపాలని చెప్పాను.

"వానితో ఒకే లైన్లోనా?" అన్నాడు అన్న. " మొగం చూడకూడదని గదా నాయన ఇంటి నడుమ గోడ కట్టింది."

"ఆ గోడ ఎవరు కట్టిరో అడుగన్నా."

"నేనే కట్టినా. ఇంగో రెండు వరసలు లేపుతా, చెప్పు వానికి."

తమ్ముడు కీబోర్డు లాక్కున్నాడు. "సరే. నా కంపెనీ ముందు, ఆయప్పది వెనక."

"పెద్దోన్ని నేను. నాది వెనకనా?"

ముందైనా వెనకైనా తేడా లేదన్నాను.

"తేడా లేకుంటే వాన్నే వెనకుండమను," అన్నాడు అన్న.

"అదే మాట ఆయప్పకూ చెప్పు," అన్నాడు తమ్ముడు.

టీ వచ్చింది. అన్న ముట్టలేదు. అంతలో ఆయన ఫోను మోగింది. కమిటీ గుమాస్తా, ఆఫీసు మూసే వేళవుతోందని. అన్న మాట్లాడి ఫోను జేబులో పెట్టుకుని గోడవైపు తిరిగాడు. "బేగా కొట్టమను. ఎట్లయినా కొట్టమను."

నేను ఓటీపీ చదివాక తమ్ముడు తన కంపెనీ పేరు ముందు పెట్టుకుని, అన్నది వెనక చేర్చి, పాత లైన్లు రెండూ తీసేశాడు. కొంతసేపు ఆగి అన్న తన ఫోనులో డ్రాయింగు మళ్లీ పంపాడు. ఈసారి తిరిగి రాలేదు. అందిందని గుమాస్తా ఫోన్ చేశాడు.

అన్న మొహంలో ఏమీ మారలేదు. "ఇందులో ఎవరికి వారు ఏరుగా పెట్టుకునేది ఏమన్నా ఉండాదా?" అని అడిగాడు.

ఉంది. డీకిమ్ అని, మెయిలు మనదేనని రుజువు చేసే ముద్ర. ఏ కంపెనీకి ఆ కంపెనీ తన తాళపు అక్షరాలు ఇస్తుంది, ఎన్నయినా విడివిడిగా పెట్టుకోవచ్చు. ఆ సంగతీ ఆ అమ్మాయే చెప్పింది.

తమ్ముడు అప్పుడు మొదటిసారి కుర్చీ ఇటు తిప్పాడు. బస్సుకు లేవబోయిన అన్న స్టూలు ముందుకు లాక్కున్నాడు.

అవి లోకమంతా చూసేచోట పెట్టే అక్షరాలు, దాచుకోవాల్సినవి కావు. ఆ మాట ఇద్దరికీ చెప్పాను. అయినా తమ్ముడు తనవి ఎక్కిస్తున్నంతసేపు స్క్రీనుకు అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అన్న వంతు వచ్చినప్పుడు, తనవి తమ్ముడి కంప్యూటరుకు పంపనని నా ఫోనుకు పంపాడు. తమ్ముణ్ని లేపమని, ఆ కుర్చీలో నన్ను కూర్చోమన్నాడు.