మన్నుకి వదిలిన రెండడుగులు

మా మేస్త్రీ చనిపోయిన సంగతి నాకు మా లేఅవుట్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. తెలిసిందనడం కూడా అబద్ధమే. మంగళవారం పొద్దున ఒక మెసేజ్ వచ్చింది. "వెనక వీధిలో స్విమ్మింగ్ పూల్ సైటు దగ్గర ప్రమాదం. ఒక లేబర్ మృతి. జేసీబీ అడ్డంగా ఉంది, దయచేసి కార్లు రెండో గేటు నుంచి తీసుకెళ్ళండి." నేను దానికి బొటనవేలు బొమ్మ పెట్టి, రెండో గేటు నుంచి కారు తీసుకుని వైట్‌ఫీల్డ్‌లో ఆఫీసుకు వెళ్ళిపోయాను. ఆ సైటులో ఎవరు పని చేస్తున్నారో నాకు తెలుసు. ఆయన్ని అక్కడికి పంపింది నేనే. అయినా పోయింది ఆయన కావచ్చని తట్టలేదు. లేబర్ అన్నారు కదా. మధ్యాహ్నం ఆయన భార్య ఫోన్ చేసి, "మేడమ్మా, మీ మేస్త్రీ మన్నులో పోయినాడు" అని చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

ముప్పై ఏళ్ళు ఈ బెంగళూరు నేలను తవ్వి, ఎవరెవరి పెరళ్ళలోనో నీళ్ళు నిలబెట్టిన మనిషి వీళ్ళకి ఒక లేబర్. అడ్డం వచ్చిన జేసీబీకి ఉన్న పాటి గుర్తింపు కూడా ఆయనకి లేదు. దుఃఖం తగ్గాక రాద్దామనుకుంటే ఇది రాయలేను, ఎందుకంటే నాకు ఇంకా దుఃఖం మొదలు కాలేదు. ఇప్పటికి ఉన్నదంతా కోపమే. అది ఎవరి మీదో చెప్తాను. అందులో నేనూ ఉన్నాను.

నాలుగేళ్ళ కిందట నడుం నొప్పికి డాక్టర్ ఈత కొట్టమంది. క్లబ్బు కొలనులో జనం ఎక్కువని, ఇంటి వెనక ఖాళీ జాగాలో సొంతంగా కట్టించుకుందామని నాకు సరదా పుట్టింది. ఆర్కిటెక్టు పన్నెండడుగుల వెడల్పు, ఇరవై అయిదడుగుల పొడవు గీసిచ్చాడు. నీలం పలకలు, ఒక మూల కూర్చునే గట్టు, కింద దీపాలు. ఆ కాగితం నేను ఆఫీసులో కనబడిన ప్రతివాళ్ళకీ చూపించాను. మేస్త్రీకి కూడా అంత గర్వంగానే చూపించాను. ఆయనది మడకశిర పక్క పల్లె. చెవి మీద పెన్సిలు, భుజాన తువ్వాలు. బొమ్మంతా ఓపిగ్గా చూసి, "తొట్టి ఎంత లోతు మా?" అన్నాడు.

"తొట్టి ఏమిటి మేస్త్రీ, స్విమ్మింగ్ పూల్."

"అదే మా. నీళ్ళు పోస్తే నిలబడాల. నిలబడితే తొట్టి, నిలబడకుంటే గుంత. అంతే."

ఆయన చివరిదాకా తొట్టి అనే అన్నాడు. గొడ్లకు నీళ్ళు పెట్టే తొట్టిలాగా వినిపించి నాకు చిర్రెత్తేది.

గొడవ మొదటి రోజే వచ్చింది. పెరట్లో గీతలు గీయడానికి వచ్చిన మేస్త్రీ పన్నెండడుగులు రాదు, పదే వస్తుందన్నాడు. ఒకవైపు ఇంటి పునాది, ఇంకోవైపు కాంపౌండు గోడ. గుంతను నిలువుగా తవ్వకూడదట, పైన వెడల్పుగా కింద ఇరుగ్గా వాలుగా తవ్వాలట. ఆ వాలుకి జాగా కావాలి కాబట్టి కొలను రెండడుగులు తగ్గాలట. వేరే వాళ్ళు నిలువుగా తవ్వుతున్నారు కదా అన్నాను.

"తవ్వుతారు మా. ఇది ఎర్రమన్ను. ఎండలో గోడ మాదిరి నిలబడి ఉంటాది. తడిసిందనుకో, చెప్పకుండా కూర్చుంటాది. దాని కింద ఎవరుండారో అది చూడదు."

"ఇప్పుడు వానలు లేవు కదా. రెండడుగులు ఊరికే పోగొట్టుకోమంటావా?"

"ఆ రెండడుగులు మీవి కాదు మా, నావీ కాదు. మన్నువి. దానివి దానికి ఇడిసిపెట్టాల."

నేను ఒప్పుకోలేదు. ఆయన వాదించలేదు. సామాను సంచిలో వేసుకుని, తనతో పనికి వచ్చిన భార్యను పిలుచుకుని వెళ్ళిపోయాడు. మూడు రోజులు చూశాను. ఇంకో ఇద్దరు మేస్త్రీలను పిలిపిస్తే, ఒకడు పన్నెండేం ఖర్మ పదమూడు తీస్తానన్నాడు. ఆ మాటకి భయం వేసి నేనే ఫోన్ చేశాను. ఆయన వచ్చి, ఏమీ జరగనట్టు పదడుగులకి సున్నం గీత వేశాడు. ఫోన్ చేసింది నేనన్న సంగతి దాచి, అలిగి వెళ్ళి మూడు రోజుల్లో వచ్చాడని తర్వాత అందరికీ చెప్పుకున్నాను. ఈ చిన్న అబద్ధాన్ని గుర్తుపెట్టుకోండి.

పని జరిగినన్నాళ్ళూ పొద్దున్నే ఒక తంతు ఉండేది. పనివాళ్ళంతా వచ్చి టీ తాగుతూ పైన కూర్చునేవాళ్ళు. ఆయన ఒక్కడే నిచ్చెన మీదుగా గుంతలోకి దిగి, నాలుగు వైపులా నడుస్తూ తాపీ పిడితో మన్నును తట్టి చూసేవాడు. తట్టడం, ఆగడం, చెవి పెట్టడం, మళ్ళీ తట్టడం. ఎక్కడైనా మనసుకు నచ్చకపోతే అక్కడ మన్ను చెక్కించేవాడు. అంతా అయ్యాక పైకి వచ్చి, కాళ్ళు దులుపుకుని, "దిగండప్పా" అనేవాడు. ఆ మాట వినబడకుండా ఒక్కడూ నిచ్చెన మీద కాలు పెట్టేవాడు కాదు. ఒకసారి నేను గుంత అంచున నిలబడి ఆఫీసు కాల్ మాట్లాడుతుంటే, "మీ మీటింగు అవతలకి పోయి పెట్టుకోండమ్మా, మీ బరువు మావాళ్ళ నెత్తిన ఉండాది" అన్నాడు. అటువైపు వింటున్న మా మేనేజరు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

కాంక్రీటు పోశాక ఆయన ధ్యాసంతా నీళ్ళ మీదే. తడుపుతున్నారా అని అడిగేవాడు కాదు, "నీళ్ళు తాపినారా?" అనేవాడు. ఆదివారం ఫోన్ చేసి కూడా అదే మాట. అది దప్పిక మీద ఉంది మా, ఇప్పుడు తాపకపోతే జన్మంతా పగుల్తుంది అని నా చేత ట్యూబు పట్టించి గోడలకు నీళ్ళు కొట్టించాడు. సాఫ్ట్‌వేరులో నా కింద నలభై మంది ఉన్నారు. ఆయన కింద నేను నలభై ఒకటో మనిషిని.

పలకలు అతికించాక ట్యాంకర్లు తెప్పించి నింపాం. అప్పుడు ఒక బక్కెట్టు నిండా నీళ్ళు తెచ్చి కొలను మెట్టు మీద పెట్టి, బక్కెట్టు లోపల ఒక గీత, కొలను గోడకు ఒక గీత పెన్సిలుతో గీశాడు. వారం రోజులు దాన్ని ఎవరూ ముట్టుకోకూడదన్నాడు. ఎందుకని అడిగాను.

"బక్కెట్లో తగ్గింది ఎండ తాగింది. తొట్టిలో అంతకంటే ఎక్కువ తగ్గితే నా తప్పు."

వారం తర్వాత రెండు గీతలూ చూసుకున్నాడు. ఎండ తాగింది తప్ప ఒక్క చుక్క పోలేదు. అప్పుడు తనే బనీనుతో నీళ్ళలోకి దిగి, ఛాతీ లోతులో నాలుగు వైపులా నడుస్తూ ఒక్కో పలకనూ తాపీ పిడితో తట్టి చూశాడు. నీళ్ళోడుతూ పైకి వచ్చి, నా వైపు తిరిగి, "దిగండమ్మా" అన్నాడు. కొలనుకీ కాంపౌండు గోడకీ మధ్య మిగిలిన రెండడుగుల జాగాలో ఆయన భార్య నిలబడి నవ్వుతోంది. కాంక్రీటు పోసి ఆ వాలు మన్నుతో పూడ్చాక, వాళ్ళిద్దరూ మధ్యాహ్నం సంగటి తిన్నది అక్కడ గోడ నీడలోనే.

ఇంత చూసినదాన్ని కదా, ఆయన పని మీద నాకు గౌరవం ఉండాలి కదా. ఉంది. కానీ ఆ రెండడుగుల మీద కోపం పోలేదు. వచ్చినవాళ్ళందరికీ కొలను చూపించి, "మేస్త్రీ బంగారం, కానీ నా రెండడుగులు తినేశాడు" అని నవ్వించేదాన్ని. ఇంటికి ఎవరు వచ్చినా చెప్పడానికి ఒక కథ దొరికింది. వెనక వీధి ఆయన కూడా అలా విని నవ్వినవాడే. తనూ ఒక కొలను కట్టించుకుంటానంటే మేస్త్రీ నంబరిచ్చాను. నంబరుతో పాటు మెసేజ్ కూడా పెట్టాను. "రెండడుగులు తగ్గిస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఊరికే బెదిరిస్తాడు. అలిగి వెళ్తాడు, మూడు రోజుల్లో అతనే వస్తాడు." చివర మూడు నవ్వు బొమ్మలు.

మేస్త్రీ అక్కడ కూడా రెండడుగులు అడిగాడు. వెనక వీధి ఆయన నేను నేర్పినట్టే గట్టిగా పట్టుకున్నాడు. మేస్త్రీ సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆదివారం ఆయన లేకుండా వీళ్ళే జేసీబీ పిలిపించి, పన్నెండడుగులకీ నిలువునా తవ్వించేశారు. తీసిన మన్ను దూరంగా వేయకుండా అంచు మీదే గుట్ట పోశారు. సోమవారం సాయంత్రం వాన పడింది. మంగళవారం పొద్దున కాంక్రీటుకి ఇనుప కడ్డీలు కట్టడానికి మేస్త్రీ మనుషుల్లో నలుగురిని నేరుగా పిలిపించుకున్నారు. ఆ సంగతి తెలిసి ఆయన పరిగెత్తుకుంటూ వచ్చాడట. దిగబోతున్నవాళ్ళను ఆపి, కూర్చోండని చెప్పి, ఎప్పటిలాగే తను ఒక్కడే దిగాడు. రెండు వైపులు తట్టాడు. మూడో వైపు కూర్చుంది. ఆ నలుగురూ బతికి ఉన్నారంటే ఆ రోజు వాళ్ళకి "దిగండప్పా" అన్న మాట వినబడకపోవడం వల్లే.

దీన్ని ప్రమాదం అంటున్నారు. గ్రూపులో ఒకాయన విధి అన్నాడు. ఇంకొకావిడ, ఈ పనివాళ్ళు పొద్దున్నే తాగి దిగుతారండీ అని రాసింది. టీలో చక్కెర కూడా వద్దనే మనిషి గురించి రాసింది. ఆవిడ ఇంటి డాబా మీద నీళ్ళు కారకుండా చేసింది ఆయనేనని ఆవిడకి తెలియకపోవచ్చు, తెలిసినా రాసేదేమో.

బుధవారం ఆయన భార్యను చూడటానికి వెళ్ళాను. రేకుల ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె తిడుతుందని సిద్ధపడే వెళ్ళాను. తిట్టి ఉంటే బాగుండేది.

"వాన పడింది కదా, ఎందుకు దిగాడమ్మా?" అన్నాను. ఆయన మీద కూడా కోపంగానే ఉంది నాకు. నా దగ్గర సంచి సర్దుకున్నవాడు అక్కడ సర్దుకుని అటే పోకూడదా?

"మావాళ్ళు నలుగురుండారు కదా మేడమ్మా. ఇడిసిపెట్టి యాడికి పోతాడు?" అంది. నన్ను చూడకుండా చెప్పింది. "ఆ సార్ చెప్పినాడంట, మేస్త్రీ ఊరికే బెదిరిస్తాడని మీరే అన్నారని. ఇంటికొచ్చి రెండు దినాలు మాట్లాడలే. ఆ సార్ అన్నందుకు కాదు మా. మేడమ్మ దగ్గరుండి అంతా చూసింది, ఆయమ్మకు కూడా అట్లే అనిపించిందా అని అడిగినాడు నన్ను. నేనేం చెప్పాల?"



అదే రోజు సాయంత్రం వెనక వీధి ఆయన మా ఇంటికి వచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పాపం నిద్ర లేదన్నాడు. "మేడం, మేం అతన్ని దిగమనలేదు. యాక్చువల్‌గా సైడ్లు స్లోప్ చేయమని అతను మాకు ఎప్పుడూ చెప్పలేదు. స్టేషన్లో అదే స్టేట్‌మెంట్ ఇచ్చాం. మీరు నాకు పెట్టిన ఆ చాట్ ఒకటుంది కదా. నేను డిలీట్ చేశాను. మీరూ చేసేస్తే ఇద్దరికీ మంచిది."

జీవితమంతా అందరికంటే ముందు దిగి తట్టి చూసినవాడు, చివరికి పని తెలియక దిగి చచ్చినట్టు కాగితం మీద ఉండబోతోంది. నీళ్ళు తగ్గితే నా తప్పని గీత గీసి చూపిన మనిషి మీద, ఎవరూ గీత గీయకుండానే తప్పు వేసేస్తున్నారు. పని తెలిసినవాడన్న పేరు ఒక్కటే ఆయనకి ఇంకా మిగిలి ఉంది. నేను వెనక వీధి ఆయన్ని టీ తాగమని కూడా అనకుండా బయటికి పంపేశాను.

గురువారం స్టేషనుకు వెళ్ళి ఫోన్ బల్ల మీద పెట్టాను. అక్కడి ఇన్‌స్పెక్టరుకు తెలుగు రాదు. నేనే ఒక్కో వాక్యం చదివి కన్నడంలో చెప్పాల్సి వచ్చింది. రెండడుగులు తగ్గిస్తానంటాడు, ఒప్పుకోవద్దు. ఊరికే బెదిరిస్తాడు. మన నోటి మాట ఇంకో భాషలోకి మారిస్తే ఎంత నీచంగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆయన అంతా రాసుకుని, చివర ఉన్న బొమ్మల మీద వేలు పెట్టి, ఇవేమిటని అడిగాడు.

"నవ్వాను" అని చెప్పాను. అది కూడా రాసుకున్నాడు.

దీనివల్ల ఏమవుతుందో నాకు తెలియదు. వెనక వీధి ఆయన నాతో మాట్లాడటం మానేశాడు. గ్రూపులో నేను, పోయింది ఒక లేబర్ కాదు, మేస్త్రీ, వాలుగా తవ్వమని అడిగింది ఆయనే, వద్దనమని చెప్పింది నేను అని రాస్తే, ఒక్కరూ జవాబివ్వలేదు. ఇద్దరు మాత్రం బొటనవేలు పెట్టారు.

నిన్న పొద్దున మా పెరట్లోకి వెళ్ళాను. రాత్రంతా వాన. కొలనుకీ గోడకీ మధ్య ఆ రెండడుగుల మన్ను బాగా తడిసి, ఒక చోట అరచేయంత లోతుకి కుంగి ఉంది. గోడ నిటారుగా ఉంది. కొలనులో ఒక్క పలక కదల్లేదు. మొదటి మెట్టు మీద నిలబడ్డాను, చీలమండల దాకా నీళ్ళు. ఎంతసేపు నిలబడ్డా రెండో మెట్టు మీదకి కాలు పోలేదు. కింద నాలుగు వైపులా తట్టి చూసి, నీళ్ళోడుతూ పైకి వచ్చి, దిగండమ్మా అనాల్సిన మనిషి ఇంకా పైకి రాలేదు.