చుక్క తీసెయ్ అంటే ఏ చుక్క?

చిన్నకోడలికి కంగారెక్కువ, బుర్ర మాత్రం పాదరసం. పెళ్ళికి ముందు వెబ్‌సైట్లు కట్టిన చేతులు ఊరుకోక, తోడికోడలిని కూడా ఈ పనిలోకి దింపింది. ఇద్దరూ వెనకగదిలో కంప్యూటర్ పెట్టుకున్నారు. ఇవాళ మొదటి బేరం కుదరకపోతే ఆ గది అద్దెకిచ్చేస్తానని అత్తగారు తెగేసి చెప్పింది.

ఆ బేరం ఒక దర్జీ ఆవిడది. బట్టలు కుట్టించుకునేవాళ్ళు ఇంట్లోనే ఫోన్ కెమెరా ముందు నిలబడితే, ఆవిడ తన కొట్టులో కూర్చుని కొలతలు చూసుకోవాలి. అడ్రస్ పక్కన భద్రమని చూపే తాళం గుర్తు లేని సైటుకి బ్రౌజర్ కెమెరా ఇవ్వదు గాక ఇవ్వదు. అందుకని కోడళ్ళిద్దరూ సైటు అసలుదేనని చెప్పే సర్టిఫికెట్ ఒకటి సొంతంగా తయారుచేసి, దాన్ని నమ్మమని కంప్యూటర్‌కీ ఫోన్‌కీ చెప్పిపెట్టారు. అందులో 'కుట్టు' అన్న సైటు పేరు ముందు నక్షత్రం గుర్తు పెట్టారు. నక్షత్రం ఉంటే ముందు ఏ పేరు తగిలించినా చెల్లుతుందని చిన్నకోడలి ధీమా. 'కొలతలు.కుట్టు'కి తాళం పడింది. 'చొక్కా.కొలతలు.కుట్టు'కి మాత్రం ఎర్ర హెచ్చరిక వచ్చింది.

"అక్కా, 'చొక్కా.కొలతలు.కుట్టు' అంటే ఒప్పుకోనంటోంది!"

"ఒక చుక్క ఎక్కువైందే, తీసెయ్!" వంటింట్లోంచి పెద్దకోడలు కేకేసింది.

చిన్నకోడలు వెనకాముందూ చూడలేదు. నక్షత్రం పీకేసి కొత్త సర్టిఫికెట్ చేసింది. దాంతో 'కొలతలు.కుట్టు'కి ఉన్న తాళం కూడా ఊడింది. సరిగ్గా అప్పుడే దర్జీ ఆవిడ గుమ్మంలో అడుగుపెట్టింది!

పెద్దకోడలు గరిటెతో సహా పరిగెత్తుకొచ్చి, తెర చూసి తల పట్టుకుంది.

"ఓసి నా తల్లీ! తీయమన్నది అడ్రస్‌లో చుక్క. నక్షత్రం ఒక్క పేరుకే చెల్లుతుంది. మధ్యలో ఇంకో చుక్క వస్తే దాని వల్ల కాదు."

"నక్షత్రం కూడా చుక్కే కదక్కా!"

ఇద్దరికీ నవ్వాగలేదు. నవ్వుతూనే నక్షత్రాన్ని మళ్ళీ పెట్టి, అడ్రస్‌ని 'చొక్కా.కుట్టు' అని కుదించారు. తాళం పడింది! చిన్నకోడలు ఫోన్ ముందు నిలబడగానే కంప్యూటర్ తెర నిండా ఆమె భుజాలు కనిపించాయి.

"కాస్త పక్కకి తిరుగమ్మా," అంది దర్జీ ఆవిడ కళ్ళద్దాలు సవరించుకుని. "ఆ, అన్నీ తెలుస్తున్నాయి. ఈ పని మీరే చెయ్యండి."

చిన్నకోడలికి ఎగిరి గంతెయ్యాలనిపించింది, గంతేసింది కూడా.

అప్పటికే వీధి తలుపు దగ్గర ఎవరో గది చూడటానికొచ్చి నిలబడ్డారు. అత్తగారు వెనకగది సందడి ఓ క్షణం విని, ఆయన వైపు తిరిగింది.

"ఖాళీ లేదు నాయనా. అది మా కోడళ్ళ ఆఫీసు."