ప్రతిష్ఠ కాని కారు

నా చిన్నప్పుడు నన్ను పేరు పెట్టి పిలిచి, తల పూర్తిగా నెరిసిన ఈ రోజు దాకా విడువక మోస్తున్న సజీవుడైన దేవునికి స్తోత్రం. మేలు జరిగిన దినాన ఆయనను స్తుతించడం ఎవరికైనా తేలికే. నేను చెప్పబోయేది అలాంటి దినం కాదు. అయినా ఆ దినాన కూడా ఆయన మా సందులోనే, మా మధ్యనే ఉన్నాడని నమ్ముతున్నాను. అందుకే ముందుగా ఆయన నామానికి మహిమ చెల్లించి మొదలుపెడుతున్నాను.

అప్పట్లో మేము వరంగల్ మట్టెవాడలో ఉండేవాళ్లం. మా నాన్నా, ఆయన అన్నా ఒకే ఇంట్లో కాపురం. నాన్న అన్నను నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. ఆయన బట్టల మిల్లులో ఫిట్టరు. వారమంతా నూనె మరకల ఖాకీ బట్టల్లో కనిపించే మనిషి ఆదివారం వచ్చేసరికి తెల్లచొక్కా వేసుకుని సంఘ పెద్దగా మొదటి వరుసలో కూర్చునేవాడు. మాట ఇస్తే తప్పడని ఆయనకు పేరు. ఆ పేరంటే ఆయనకూ ఇష్టమే.

మా పాస్టరు గారు హసన్‌పర్తి అవతలి పల్లెల్లోని విశ్వాసుల దగ్గరికి సైకిలు మీద వెళ్లి ఆరాధన జరిపించి వచ్చేవారు. ఒక వానాకాలం ఆయన దారిలో జారిపడి కాలు విరగ్గొట్టుకున్నారు. ఎముక అతికింది గాని నడకలో కుంటు మిగిలిపోయింది. ఆయన మళ్లీ సైకిలెక్కబోతుంటే చూడలేక, ఒక ఆదివారం పెద్దబాపు సంఘం మధ్య లేచి నిలబడ్డాడు. దేవుని పనికి ఒక కారు ఇస్తానని మొక్కుబడి చేశాడు. మిల్లు ఫిట్టరు కారు ఇవ్వడమేమిటని వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. మా పెద్దమ్మ నవ్వలేదు, ఏడవలేదు, పాటల పుస్తకం తెరిచి అందులోకి చూస్తూ కూర్చుంది.

కొత్త కారు కొనే తాహతు మాకెక్కడిది? హనుమకొండలో కాలం చేసిన ఒక వకీలు గారి దొడ్లో పాత ఫియట్ కారు ఉందని ఎవరో చెప్పారు. నేనూ పెద్దబాపు వెంట వెళ్లాను. చింతచెట్టు కింద, టైర్లు సగం మట్టిలో కూరుకుపోయి ఉంది. గుండ్రటి దీపాలు రెండూ బూజు పట్టి, చూపు పోయిన ముసలి కళ్లలా కనిపించాయి. వెనక సీటులో కోడిపెట్ట పొదుగుతోంది. బేరం ముగిశాక వకీలు గారి భార్య, "కారైతే తోల్కపో గని, నా కోళ్లు ఎటు పోవాలె నాయనా?" అని నిజంగానే దిగులుపడింది. పెద్దబాపు ఆమెకు కోళ్లగూడు ఒకటి చేసిచ్చి మరీ కారు తెచ్చుకున్నాడు.

తెచ్చుకున్నది ఎడ్లబండికి మోకుతో కట్టి. మా సందులోకి ఆ ఊరేగింపు వచ్చినప్పుడు పక్కింటి అక్క గడపలో నిలబడి, "ఏంది పెద్దబాపూ, ఎడ్లు కారును గుంజుతానయా, కారు ఎడ్లను నూకుతాందా?" అంది. సందంతా నవ్వింది.

"ఇటలీల పుట్టిన బండి ఇది. నవ్వకు బిడ్డా, రేపు నువ్వే ఎక్కుతనంటవ్" అన్నాడు పెద్దబాపు.

పక్కింటి అక్కది మరిపెడ వైపు ఊరు. పెళ్లయి మా సందుకు వచ్చి రెండేళ్లు కాలేదు. వాళ్లు హిందువులు. మా ఇంట్లో పాటల కూడిక జరిగితే గోడ అవతల నుంచి ఆమె కూడా రాగం తీసేది. నాకు జడ వేసేది ఆమే. అప్పటికి ఆమెకు కడుపు కనబడుతోంది. తొలి కాన్పు.

కారును బాగుచేయడం నెలల తరబడి సాగింది. కింది రేకు తుప్పుపట్టి పోయి, లోపల కూర్చుంటే వాకిలి నేల కనిపించేది. పెద్దబాపు ఆ రేకంతా కోసేసి కొత్తది అతికించాడు. ఇంజను విప్పి ముక్కలన్నీ కిరసనాయిలులో నానబెట్టాడు, అదీ మా నాయనమ్మ బియ్యం కడిగే తాంబాళంలో. ఆమె తిట్టిన తిట్లకు మూడు రోజులు అన్నం వాకిట్లోనే తిన్నాడు. దొరకని సామాను కోసం సెలవు పెట్టి హైదరాబాదు వెళ్లి, పాత ఇనుప అంగళ్లు తిరిగి, ఒక్క చిన్న ఇత్తడి ముక్క దొరికినా పండగలా తిరిగి వచ్చేవాడు. అరణ్యంలో దేవుని ఆరాధనకు ప్రత్యక్షగుడారం కట్టినప్పుడు ఎవరి చేతనైనది వారు తెచ్చారని వాక్యంలో చదువుతాం కదా, మా సంఘంలోనూ అలాగే జరిగింది. దర్జీ పని చేసే సహోదరుడు సీట్లకు తెల్లటి తొడుగులు కుట్టాడు. గోడలకు సున్నం వేసే ఇంకొకాయన రంగు వేస్తానన్నాడు. రంగుకు ముందు పాతదంతా గరుకు కాగితంతో గీకాలి. ఆ పని నాకూ, పక్కింటి అక్కకూ పడింది. ఆమె ఊరికే కూర్చోలేక వచ్చేది. ఆ కారు వెనక రెండు వైపులా రేకు చేప రెక్కల్లా పైకి లేచి ఉండేది. దాన్ని నీళ్లతో రుద్దుతూ, "మీ కారుకు రెక్కలైతే మొలిసినయ్ గని కాళ్లు ఎప్పుడు మొలుస్తయే?" అని నన్ను ఆట పట్టించేది.

కాళ్లూ మొలిచాయి. ఒక సాయంత్రం ఇంజను దగ్గి, ఉమ్మి, నల్లటి పొగ కక్కి, చివరికి నిలకడగా తిరిగింది. పెద్దబాపు దాన్ని వాకిట్లోనే ముందుకూ వెనక్కూ నడిపి చూశాడు. గేటు దాటించలేదు. తొలిచూలు కోడెను దేవునికి వేరు చేసిన తర్వాత దానితో దున్నకూడదని లేఖనంలో ఉంది. పెద్దబాపు ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. పాస్టరు గారు వచ్చి ప్రతిష్ఠ ప్రార్థన చేసేదాకా కారు చక్రం రోడ్డు మీద పెట్టననీ, ఎవ్వరినీ ఎక్కించననీ ఉపవాసం ఉండి మరీ దేవునికి మాట ఇచ్చాడు. ప్రతిష్ఠ ఆదివారం ఉదయం అని ప్రకటించారు.

దానికి ముందురోజు, శనివారం మధ్యాహ్నం, నేను రంగుకాగితాల దండలు కారుకు కడుతున్నాను. లోపల నాయనమ్మ మరునాటి ప్రేమవిందుకు ఉల్లిగడ్డలు కోస్తోంది. ఆమెకు అప్పటికే వినికిడి తక్కువ. పెద్దబాపు అద్దాలు తుడుస్తున్నాడు. పక్కింటి అక్కను కాన్పుకు పుట్టింటికి తీసుకెళ్లడానికి ఆమె అన్నలు మరుసటి వారం రావలసి ఉంది. నొప్పులు ముందే వచ్చాయి. ఆమె అత్త చెప్పులు కూడా లేకుండా మా వాకిట్లోకి పరుగెత్తుకొచ్చింది.

"తమ్మీ, కోడలుకు నెత్తురు ఆగుతలేదు. మంత్రసాని నాతోని కాదంటాంది. జర కారు తియ్యి, దవాఖానకు పోవాలె."

పెద్దబాపు చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది. ఆయన ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. దయలేని ముఖం కాదది. రెండు వైపుల నుంచీ గుంజుతున్న తాడులా ఉంది.

"అక్కా, ఇది నాది కాదు, దేవునిది. రేపటిదాక తియ్యనని మాటిచ్చిన. నువ్వు ఫికర్ చెయ్యకు, ఉరికి పోయి రిక్షా తోల్కొస్త" అన్నాడు. అన్నట్టే పరుగెత్తాడు. దగ్గరి అడ్డాలో రిక్షాలు లేవు. ఇంకా దూరం పోయి, చెమటలు కారుతూ ఒకదాన్ని పట్టుకొచ్చాడు. అంతసేపూ కారు తెల్లటి సీట్లతో, కాగితపు దండలతో మా వాకిట్లో నిలబడి ఉంది. అంతసేపూ గోడ అవతల నుంచి ఆమె మూలుగు వినిపించి, తర్వాత వినిపించడం మానేసింది.

ఇద్దరు ఆడవాళ్లు ఆమెను రిక్షాలో కూర్చోబెట్టబోయారు. ఆమె కూర్చోలేకపోయింది. మెడ వాలిపోతోంది. చీరంతా ఎర్రగా తడిసి ఉంది. రిక్షా అతను చూసి భయపడి, "గిట్లైతే నడిమిట్లనే పోతది తల్లీ, నాతోని కాదు" అని దిగిపోయాడు. అప్పుడు వచ్చిన ఏడుపులు మాత్రం మా నాయనమ్మకు వినబడ్డాయి. కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. అక్కను చూసింది, కారును చూసింది, కొడుకును చూసింది.

ఆమె కారు దగ్గరికి వెళ్లి, దండలు పక్కకు తోసి, ఉల్లి వాసన కొట్టే అరచేయి బానెట్ మీద పెట్టింది. "తండ్రీ, ఇది నీదే. తోల్కపోతానం. ఆమెన్" అంది. కళ్లు కూడా మూసుకోలేదు. "ఇగో, అయింది ప్రతిష్ఠ. ఎక్కు కొడుకా."

"అమ్మా, మొక్కుబడి..."

"దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు తలుపు తియ్యి."

పెద్దబాపు తలుపు తీశాడు. అలా ఆ ఇటలీ కారు మొదటిసారి మా గేటు దాటింది. వెనక సీటులో అక్క పడుకుని ఉంది, తల నాయనమ్మ ఒడిలో. ముందర అత్త. తెగిన దండ ఒకటి నా చేతిలోనే మిగిలిపోయింది.

దవాఖానలో జరిగినది తర్వాత నాయనమ్మ చెప్పింది. డాక్టరమ్మ భోజనం మధ్యలో లేచి వచ్చిందట. నర్సులు పరుగులు పెట్టారట. బిడ్డ ఏడవలేదు. పొద్దు వాలే వేళకు తల్లి కూడా వెళ్లిపోయింది. ముందే తెచ్చి ఉంటే బతికేదా అని పెద్దబాపు అడగలేదు. డాక్టరమ్మ కూడా ఏమీ అనలేదు. ఎవరూ అనకపోవడం వల్లనే ఆ ప్రశ్న ఆయనలో చచ్చేదాకా ఉండిపోయిందని నేననుకుంటాను.

శవాన్ని ఎక్కించుకోవడానికి దవాఖాన గేటు బయట ఏ బండీ ఒప్పుకోలేదు. పెద్దబాపు వెళ్లి మళ్లీ అదే తలుపు తెరిచాడు. దీపాలు పెట్టే వేళకు కారు మా సందులోకి తిరిగి వచ్చింది, చాలా మెల్లగా, మనిషి నడిచినంత మెల్లగా. అది ఆగకముందే గడపల్లో నిలబడినవాళ్లందరికీ తెలిసిపోయింది.

మరునాడు ఉదయం సంఘమంతా ప్రతిష్ఠకు తయారై వచ్చింది. సీట్ల తెలుపు మీద నెత్తురు నల్లగా ఎండిపోయి ఉంది. పెద్దలు కొందరు పెద్దబాపును పక్కకు పిలిచి, శవమెక్కిన బండిని అలాగే దేవునికి ఎలా ఇస్తాం, తొడుగులు మార్పించి వచ్చే వారం పెట్టుకుందామన్నారు. దేవుని చిత్తం అలా ఉంది, ఏం చేస్తాం అని ఒకాయన ఓదార్చబోయాడు.

పెద్దబాపు అప్పటిదాకా తల దించుకునే ఉన్నాడు. "చిత్తం ఆయన మీదికి నూకకుండ్రి. ఆలస్యం నాది" అన్నాడు. "ప్రతిష్ఠ నిన్ననే అయ్యింది. మా అమ్మ చేసింది. మల్ల చెయ్యుడు అవసరం లేదు" అని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాడు. పెద్ద మనిషి అందరి ముందూ ఏడవడం నేను చూడడం అదే మొదటిసారి.

పాస్టరు గారు కుంటుతూ వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. తర్వాత లేచి, ఈ రోజు ప్రసంగం లేదు, పక్కింటి బిడ్డను సాగనంపుదాం రండి అన్నారు. ముందు డప్పులు, పాడె, వాళ్లవాళ్లు. వెనక తెల్లచీరల్లో, తెల్లచొక్కాల్లో మా సంఘమంతా. మా నడుమ పాస్టరు గారు కర్ర ఊతంగా కడదాకా నడిచారు.

కొన్నాళ్లకు నేను నాయనమ్మను అడిగాను, పెద్దబాపు మాట తప్పినందుకు దేవునికి కోపం రాలేదా అని. "దేవుడేమన్న కొత్తల్లుడా బిడ్డా, అలుగుతందుకు?" అంది. తర్వాత ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆయనకు ఇచ్చినమనుకున్న వస్తువు దిక్కే చూసుకుంట నిలబడితిమి. ఆయనేమో పక్కింట్ల నుంచి పిలుస్తాండు" అంది. నేను తర్వాత ఎన్నో ప్రసంగాలు విన్నాను, వాక్యం చదువుకున్నాను, ఆదివారపు బడిలో పిల్లలకు బోధించాను. ఇంతకన్నా ఎక్కువ నాకెవరూ చెప్పలేదు.

కారు ఏళ్ల తరబడి పాస్టరు గారితో పల్లెలు తిరిగింది. తిరగని రోజుల్లో మా వాకిట్లోనే ఉండేది, గేటు తెరిచిపెట్టి. ఎవరికి ఆపద వచ్చినా మనిషిని పిలవనక్కర్లేదు, వచ్చి హారన్ కొడితే చాలని పెద్దబాపు సందంతా చెప్పి పెట్టాడు. ఆ మోత వింటే తింటున్న ముద్ద వదిలేసి లేచేవాడు. ఎందరినో దవాఖానకు చేర్చాడు, ఎందరో బతికారు. ఆ సంగతి ఎవరైనా సాక్ష్యంగా చెప్పమంటే మాత్రం నోరు విప్పేవాడు కాదు.

ఇప్పుడు నా ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన జరుగుతుండగా ఎవరైనా తలుపు తడితే నేను ఆమెన్ దాకా ఆగను. వాక్యం మధ్యలో లేస్తాను. మనవలు మొదట్లో వింతగా చూసేవారు. ఇప్పుడు వాళ్లూ లేస్తున్నారు. ఆ రోజు నుంచి నేను దాచుకున్నది ఇదొక్కటే.

చదివే మీరు కూడా ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. దవాఖానకు దూరంగా ఈ పూట నొప్పులు పడుతున్న తల్లుల కోసం, వాళ్ల కోసం కదలవలసిన బండి ఏ వాకిట్లో ఆగి ఉందో ఆ ఇంటివాళ్ల కోసం ప్రార్థిద్దాం. మధ్యలో మీ తలుపు ఎవరైనా తడితే ఆగకండి, వెళ్లండి. మిగిలిన ప్రార్థన మీ బదులు నేను చేస్తాను.